కప్తాన్ సమాధి వెనకవైపు

పాత కట్టడాల మరమ్మతు పనిలో కొత్తగా చేరిన ఇద్దరు మొన్న పోర్ట్ బ్లెయిర్ షాదీపూర్‌లో మా ఇంటికి వచ్చారు. డిప్లొమాలు చదువుకున్నవాళ్ళు, మర్యాద తెలిసినవాళ్ళు. ఇన్నేళ్ళు చేశారు కదా, మీ అనుభవం నాలుగు పేజీలు రాసివ్వండి, మాకు పనికొస్తుంది అన్నారు. టీ తాగుతూ సరేనన్నాను. వాళ్ళు వెళ్ళాక కూర్చుని ఆలోచిస్తే, పనికొచ్చేది రాయాలంటే సిగ్గు విడిచి రాయాలని అర్థమైంది.

ఎప్పుడు చేరాను, తాపీ పని నుంచి వర్క్ సర్కార్ ఎలా అయ్యాను, ఏ సాబ్ ఏ ప్రశంసాపత్రం ఇచ్చాడు, ఇవన్నీ సర్వీసు బుక్కులో ఉన్నాయి. కావలసినవాళ్ళు అక్కడ చూసుకోవచ్చు. వర్క్ సర్కార్ అంటే ఏమిటని మెయిన్‌ల్యాండ్ వాళ్ళు అడుగుతుంటారు. పేరులో సర్కారు ఉంది గానీ చేతిలో ఏమీ ఉండదు. సాబ్‌కీ కూలీలకీ మధ్య నిలబడి ఇద్దరి తిట్లూ తినేవాడు.

అసలు పని

మీరు పుస్తకాల్లో సున్నం పాళ్ళు, ఇటుక కొలతలు చదువుకుని వస్తారు. అవి కావాలి, కాదనను. కానీ ఈ దీవుల్లో మన పనిలో ముప్పాతిక భాగం కత్తి పట్టుకుని పిచ్చిమొక్కలు కొట్టడమే. ఏడాదిలో ఎక్కువ నెలలు వాన. ఈ సోమవారం నరికిన తీగ వచ్చే సోమవారానికి మళ్ళీ మోకాలెత్తు ఉంటుంది. వాన లేని రోజుల్లో సముద్రం మీది నుంచి ఉప్పుగాలి. ఇటుక నోట్లో పెట్టుకుంటే ఉప్పగా ఉంటుంది. నేను పెట్టుకుని చూశాను.

ఈ పనిలో గెలుపు ఉంటుందని ఎవరైనా చెబితే నమ్మకండి. పదేళ్ళలో పడిపోయే గోడని ఇరవై ఏళ్ళు నిలబెడతాం, అంతే. అదీ ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేస్తే. ఆ మాట నాకు మొదట్లోనే ఎవరైనా చెప్పి ఉంటే నేను ఇంకాస్త భయంగా పని చేసేవాణ్ణి. భయం ఈ ఉద్యోగానికి మంచిది.

మొదటి భయం నాకు ఒక వేరు నేర్పింది. అప్పటి మా సాబ్ ఇంజినీరు, బెంగాల్ నుంచి బదిలీ మీద వచ్చినాయన. పేరెందుకు, సాబ్ అనే రాస్తాను. దొరల కాలం నాటి పాత బేకరీ గోడని పట్టుకుని ఒక పెద్ద జువ్వి వేరు పాకి ఉండేది. ఫోటోలో అసహ్యంగా ఉంది, కొట్టేయమన్నాడు. కొట్టించాను. మధ్యాహ్నం భోజనాలకి కూర్చున్నప్పుడు గోడ మొత్తం మా వెనకే కూలింది. అదృష్టం బాగుండి ఎవరికీ దెబ్బ తగల్లేదు. గోడని పగలగొట్టింది ఆ వేరే, ఇన్నాళ్ళూ పట్టుకుని నిలబెట్టిందీ ఆ వేరే. ముందు అడ్డకర్రలు పెట్టి, ఇటుక కూర్చుకుంటూ, ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా చంపాలి దాన్ని. సాబ్ మాత్రం పోనీలే, ఒకటి తగ్గింది అన్నాడు.

అప్పుడు నేర్చుకున్నది ఒకటుంది. ఏది దేన్ని పట్టుకుని ఉందో తెలియకుండా చెయ్యి పెట్టకూడదు. నేర్చుకున్నాననే అనుకున్నాను.

కప్తాన్ సమాధి

ఆ దీవి పేరు రాయను. పోర్ట్ బ్లెయిర్ జెట్టీ నుంచి బోటులో కాసేపే, ఊరివాళ్ళందరికీ తెలుసు. దొరల కాలంలో అక్కడ బంగళాలు, చర్చి, డాన్స్ హాలు ఉండేవి. నేను చేరేనాటికి అంతా అడవి. ఆ అడవి మధ్య గుట్ట మీద కప్తాన్ సమాధి. నాలుగు స్తంభాల మండపం, మధ్యలో ఎత్తైన రాతి అరుగు. యుద్ధానికి ముందు వచ్చిన భూకంపానికి మండపం పైకప్పు పడింది. రెండు స్తంభాలు మిగిలాయి. వేల ఏళ్ళ గుళ్ళున్న దేశంలో దీన్ని పురాతన సమాధి అంటే నవ్వుతారు గానీ మా దీవులకి ఇదే పురాతనం. అబర్డీన్ బజార్‌లో అమ్మే పిక్చర్ కార్డుల మీద దాని బొమ్మ ఉండేది. మెయిన్‌ల్యాండ్ నుంచి ఓడ దిగినవాళ్ళు సెల్యులర్ జైలు చూశాక అడిగేది దాన్నే.

కథ అందరికీ తెలిసిందే. ఒక దొర కప్తాను తుఫానులో పడవ మీద వెళ్ళి మునిగిపోయాడు. శవం దొరికితే తెచ్చి ఇక్కడ పెట్టారు. ముందువైపు తెల్లటి పాలరాయి, ఇంగ్లండు సీమ నుంచి తెప్పించింది. దాని మీద ఆయన పేరు, హోదా, బైబిల్ వాక్యం. అందరూ దాని ముందు నిలబడి ఫోటో దిగేవాళ్ళు.

వెనక్కి ఎవరూ వెళ్ళేవాళ్ళు కాదు. వెనకవైపు అరుగు పాదం దగ్గర ఒక ఇసుకరాయి పలక ఉండేది. మోకాళ్ళ మీద కూర్చుంటే గానీ కనపడదు. కప్తానుతో పాటు మునిగిపోయిన ఆరుగురి పేర్లు దాని మీద చెక్కారు. ఆయన పడవకి తెడ్లు వేసిన ఖైదీలు. వాళ్ళ శవాలు దొరకలేదో, ఎవరూ వెతకలేదో తెలియదు. ఎవరు దయ తలచి ఆ పేర్లు చెక్కించారో కూడా తెలియదు. యుద్ధంలో జపాన్ వాళ్ళు దీవుల్ని ఏలిన కాలంలో పాత కాగితాలు చాలా పోయాయి. ఆ ఆరుగురు బతికారనడానికి భూమ్మీద మిగిలింది ఆ పలక ఒక్కటే.

ఐదో వరుసలో గురువులు అని ఉండేది, ఇంగ్లీషు అక్షరాల్లో. మా శ్రీకాకుళం వైపు పేరు. నేను ఎనిమిదో తరగతి వరకు చదివాను, ఇంగ్లీషు కూడబలుక్కుని చదవగలను. ఆ పేరు నేను చదివాను. ఈ మాట ఇక్కడ గట్టిగా రాసుకుంటున్నాను, ఎందుకో తరవాత మీకే తెలుస్తుంది.

రూతమ్మ

ఏటా నవంబరులో సమాధుల పండుగ రోజు తొలి బోటుకి ఒక ఆవిడ వచ్చేది. రూతమ్మ. స్కూల్లో ఆయా పని. మా తెలుగు క్రైస్తవుల్లో ఆ రోజు సమాధులు కడిగి, సున్నం కొట్టి, పూలూ కొవ్వొత్తులూ పెట్టడం మీకు తెలిసిందే. అందరూ ఊళ్ళోని సమాధుల తోటకి పోతే ఈవిడ మాత్రం ముందు ఈ దీవికి వచ్చేది. కప్తాన్ వైపు చూసేది కూడా కాదు. నేరుగా వెనక్కి వెళ్ళి, పలక ముందు కూర్చుని, ఐదో వరుసని వేలితో నిమిరేది. ఆవిడకి తెలుగు బైబిలు ధారాళంగా వచ్చు, ఇంగ్లీషు అక్షరం రాదు. పాదరీ దొరసాని ఈవిడ తల్లికి చిన్నప్పుడు చూపించిందట, ఇదే మీ నాన్న అని. తల్లి ఈవిడకి చూపించింది.

మొదటి ఏడాది నేను పక్కన నిలబడి చూశాను. రెండో ఏడాది ఆవిడ నన్ను అడిగింది, నిజంగా అదేనా చెప్పమని. నేను వంగి ఆవిడ వేలు పట్టుకుని ఒక్కొక్క అక్షరం మీదా నడిపించి చదివాను. ఆవిడ ఏడవలేదు, నవ్వింది. అప్పటి నుంచి ఆవిడకి నేను భయ్యా, నాకు ఆవిడ దీదీ. నాకన్నా పాతికేళ్ళు పెద్దది.

ఆవిడ బాధ ఏమిటో మెల్లిగా తెలిసింది. గురువులు మునిగిపోయేనాటికి ఆయన భార్య కడుపుతో ఉంది. పుట్టిన ఆడపిల్లే రూతమ్మ తల్లి. భర్త పోయాక ఆ భార్య చర్చిని ఆశ్రయించింది. అప్పటి బాప్తిస్మం పుస్తకంలో పిల్ల పేరు రాశారు, తండ్రి పేరు దగ్గర ఖాళీ వదిలేశారు. ఖైదీ పేరు ఎందుకనుకున్నారో, అడగాలని తోచలేదో మరి. ఆ ఖాళీ రూతమ్మ తల్లిని జీవితమంతా తరిమింది. ఆవిడ తండ్రెవరో ఎవరికి తెలుసు అని చర్చిలో మూడు తరాలు గుసగుసలాడుకున్నారు. మెయిన్‌ల్యాండ్‌లో అయితే ఊరు మారితే సరిపోతుంది. దీవిలో ఎక్కడికి పోతారు?

తల్లి చనిపోయిన ఏడాది రూతమ్మ సిలువ మీద గురువులు కుమార్తె అని రాయించాలని పట్టుపట్టింది. సంఘం పెద్దలు పుస్తకంలో లేనిది సమాధి మీద ఎలా రాస్తాం అన్నారు. వాళ్ళది మొండితనమని నేను అనను. రికార్డు పట్టుకుని నడిచేవాళ్ళు. రూతమ్మ ఏం తక్కువ తిన్నది కాదు. పుస్తకంలో లేకపోతే రాతి మీద ఉంది, వచ్చి చూడండి అంది. వచ్చే సమాధుల పండుగకి వస్తామని ఇద్దరు పెద్దలు ఒప్పుకున్నారు.

మా నాన్న మందు

ఇక నేను చేసింది చెప్పాలి.

మాది శ్రీకాకుళం దిక్కు సముద్రపు ఒడ్డు. స్వాతంత్ర్యం వచ్చాక చేపల వేటగాళ్ళ కుటుంబాల్ని ఇక్కడికి తెచ్చి నిలబెట్టినప్పుడు మా నాన్నా వచ్చాడు. వేటలో ఆయన గొప్పవాడేం కాదు గానీ పడవని చూసుకోవడంలో ఆయన తరవాతే ఎవరైనా. వేట లేని నెలల్లో పడవని ఒడ్డుకి లాగి, ఎండబెట్టి, సొరచేప నూనె కాచి గుగ్గిలం కలిపి ఆ వేడివేడి మడ్డి చెక్కకి పట్టించేవాడు. మూడు పూతలు. వాడంతా కంపు కొట్టేది. ఆయన పడవ ఇరవై ఏళ్ళు పుచ్చలేదు.

ఆ పలక అంచుల్లో ఇసుక రాలడం నేను గమనిస్తూనే ఉన్నాను. వేలితో రుద్దితే పొడి వచ్చేది. సాబ్‌కి చెబితే ముందువైపు బాగుంది కదా, వెనక ఎవరు చూస్తారు అన్నాడు. మద్రాసు నుంచి రాతి నిపుణుణ్ణి పిలిపించమని కాగితం పెట్టమన్నాను. నవ్వాడు. సరే, నాకు తెలిసిన వైద్యం నేను చేస్తాననుకున్నాను. ఒక సాయంత్రం మా నాన్నతో చెప్పాను. ఆయన చుట్ట తీసి పక్కన పెట్టి శ్రద్ధగా విన్నాడు.

"కర్రకే గాదురా, దేనికైనా ఉప్పే శత్రువు. నూనె పట్టించు. ఉప్పు లోపలికి ఎల్లే దారుండదు" అన్నాడు.

ఆయనే కాచి ఇచ్చాడు. వేసవిలో పలక బాగా ఎండాక నేను మూడు పూతలు వేశాను. దూదితో అద్ది, అక్షరాల గాడుల్లోకి కూడా పోయేలా, ప్రేమగా. రాయి నల్లబడి నిగనిగలాడింది. అక్షరాలు అంతకుముందెన్నడూ అంత స్పష్టంగా లేవు. సాబ్ చూసి, భేష్ ఎర్రన్నా అన్నాడు. ఆ నవంబరులో రూతమ్మ వచ్చి చూసి నా చేతులు రెండూ పట్టుకుంది. తల్లి అప్పటికి మంచం మీద ఉంది.

పని మొదలుపెట్టే ముందు ఆ ఆరు పేర్లూ ఒక కాగితం మీద రాసుకోలేదు. కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దితే అచ్చు వస్తుంది, అదీ చేయలేదు. ఫోటో తీయలేదు. ఆఫీసులో కెమెరా ఉంది, ముందువైపుకి వాడారు. రోజూ కళ్ళెదుట ఉండేదాన్ని రాసుకోవడమెందుకు అనుకున్నాను. పిల్లలూ, ఈ నాలుగు పేజీల్లో మీకు పనికొచ్చేది ఇదొక్కటే. చెయ్యి పెట్టే ముందు రాసుకోండి. రాసుకోకుండా ముట్టుకున్నవాడు మేస్త్రీ కాదు, దొంగ.

మరుసటి ఏడు వానలు వెనక్కి తగ్గాక నూనె పూత కింద తెల్లగా పొంగు కనపడింది. అప్పడం కాలేటప్పుడు పొంగినట్టు అక్కడక్కడ బుడిపెలు. అప్పుడైనా ఎవరినైనా అడిగి ఉండొచ్చు. నేను చేసిందేమిటంటే, నూనె చాలలేదనుకుని మళ్ళీ రెండు పూతలు వేశాను.

చాలా ఏళ్ళకి మద్రాసు నుంచి ఒక రాతి నిపుణుడు వేరే పని మీద వచ్చాడు. నెమ్మదస్తుడు. ఎవరో చేసినట్టుగా ఈ సంగతి ఆయనకి చెప్పి అడిగాను. ఆయన రెండు మాటల్లో తేల్చాడు. చెక్క బయటి నుంచి నీరు తాగుతుంది. సమాధి అరుగు నేలలోంచి తాగుతుంది. ఉప్పునీరు కింద నుంచి రాయిలోకి ఎక్కి, బయటికి వచ్చి ఆరిపోతుంది. బయట మూసేస్తే ఉప్పు లోపలే గడ్డకట్టి, ముఖాన్ని పెచ్చులుగా తోసేస్తుంది. వదిలేస్తే ఆ రాయి ఇంకో యాభై ఏళ్ళు ఉండేది, ఎవడు చేశాడో గానీ అన్నాడు. నేను తల ఊపాను. ముందున్న పాలరాయికి నేను నూనె రాయలేదు. అది ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

సమాధుల పండుగ

రూతమ్మ తొలి బోటుకే వచ్చింది. వెంట ఇద్దరు పెద్దలు, తెల్ల చొక్కాలు, చేతిలో బైబిళ్ళు. తల్లి పోయి నాలుగు నెలలు. ఆవిడ కొత్త చీర కట్టుకుంది. పండక్కి కట్టుకున్నట్టు కాదు, కోర్టుకి వెళ్ళేటప్పుడు కట్టుకున్నట్టు.

నేను పొద్దున్నే వెళ్ళి చుట్టూ ఊడ్చి ఉంచాను. బుడిపెలు పెద్దవయ్యాయని నాకు తెలుసు. ఐదో వరుస అక్షరాలు ఇంకా ఉన్నాయి. ఈ ఒక్క రోజు గడిస్తే చాలు అనుకున్నాను. ముట్టుకోవద్దు దీదీ అని ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. చెబితే ఎందుకని అడుగుతుంది. పెద్దల ఎదుట నా నూనె సంగతి బయటపడుతుంది. అందుకని నోరు మూసుకున్నాను.

ఆవిడ ఎప్పటిలాగే మోకాళ్ళ మీద కూర్చుంది. పెద్దాయన జేబులోంచి కళ్ళజోడు పెట్టె తీస్తున్నాడు. రెండో ఆయన ఎండ పడకుండా బైబిలు నుదుటికి అడ్డం పెట్టుకుని వంగుతున్నాడు. ఇదిగోండి, ఐదోది అంటూ ఆవిడ వేలు పెట్టింది.

పెచ్చు ఊడి ఆవిడ ఒళ్ళో పడింది. అరచెయ్యంత పెచ్చు. పట్టుకోబోతే చేతిలో ఇసుక అయిపోయింది. దాన్ని ఆనుకుని ఉన్న పెచ్చులు ఒకదాని వెనక ఒకటి జారాయి. నాలుగో పేరు, ఆరో పేరు కూడా పోయాయి. పైన మూడు వరుసల్లో అప్పటికే సగం సగం అక్షరాలు. పెద్దాయన కళ్ళజోడు పెట్టుకుని చూసేసరికి అక్కడ పచ్చి ఇసుకరాయి ఉంది.

ఆవిడ ఒళ్ళోని ఇసుకని చాలాసేపు వేళ్ళతో కెలికింది, అందులో పేరు దొరుకుతుందేమో అన్నట్టు. పెద్దలు ప్రార్థన చేశారు, మంచి మనుషులు. తిరుగు బోటు ఎక్కేముందు పెద్దాయన నాతో, మేము చూడలేదు కాబట్టి సాక్ష్యం చెప్పలేం, సర్కారు వాళ్ళు ఆ పేరు అక్కడ ఉండేదని ఒక కాగితం రాసిస్తే పుస్తకంలో ఎక్కిస్తాం అన్నాడు. అంతకన్నా న్యాయంగా ఎవరు మాట్లాడతారు? రూతమ్మ చీర కొంగులో ఇసుక మూట కట్టుకుని బోటు ఎక్కింది.

రిపోర్టు

మర్నాడు సాబ్‌కి ఉన్నది ఉన్నట్టు చెప్పాను, నూనెతో సహా. ఆయన తలుపు వేశాడు. పై ఆఫీసు అనుమతి లేకుండా రక్షిత కట్టడానికి చేప నూనె రాశావని తెలిస్తే నీ ఉద్యోగం పోతుంది, భేష్ అన్నందుకు నా ఉద్యోగమూ పోతుంది అన్నాడు. రిపోర్టు ఆయనే చెప్పాడు, నేను రాశాను. వెనకవైపు పలక మీద చదవదగిన రాత చాలాకాలంగా ఏదీ లేదు. పలక సహజంగా శిథిలమైంది అని. రోజూ చూసే మనిషివి నువ్వు, సంతకం నీదే ఉండాలి అన్నాడు.

పెట్టాను. సాబ్ బలవంతం చేశాడని రాయొచ్చు, చదివేవాళ్ళు నమ్ముతారు కూడా. కానీ ఆయన నా చెయ్యి పట్టుకోలేదు. జంగ్లీఘాట్‌లో అద్దె ఇల్లు, ఇద్దరు చెల్లెళ్ళు, వేట మానేసిన నాన్న. అవన్నీ నిజమే. కానీ అవేవీ నా బదులు సంతకం పెట్టలేదు.

వారానికి రూతమ్మ అబర్డీన్ బజార్‌లో మా ఆఫీసు మెట్ల దగ్గరికి వచ్చింది. స్కూలు నుంచి నేరుగా వచ్చినట్టుంది. పెద్ద కోరికలేం కోరలేదు. ఒక చిట్ఠీ మీద, అక్కడ గురువులు అని ఉండేది, నేను చదివాను అని రాసి సంతకం పెట్టమంది. ఆ ఒక్క మాట చాలంది.

నా రిపోర్టు ముందురోజే పై ఆఫీసుకి వెళ్ళిపోయింది. ఆ చిట్ఠీ రాస్తే ఆ రిపోర్టు అబద్ధమని నేనే ఒప్పుకున్నట్టు. నేను ఆవిడ కాళ్ళ వైపు చూస్తూ, నాకు ఇంగ్లీషు సరిగ్గా రాదు దీదీ, అక్కడేం ఉండేదో గట్టిగా చెప్పలేను అన్నాను.

ఆవిడకి మొదట అర్థం కాలేదు. తరవాత అర్థమైంది.

"నువ్వే కదా భయ్యా నా ఏలు పట్టుకోని సదివించినావు" అంది. "ఠీక్ హై. నీకూ పిల్లలుంటారు" అని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

తిట్టి ఉంటే బాగుండేది. అది శాపమో, నన్ను అర్థం చేసుకుని అన్నదో ఇప్పటికీ తేల్చుకోలేదు. ఆవిడ మళ్ళీ దీవికి రాలేదు. ఏటా నవంబరులో తొలి బోటు కోసం నేను జెట్టీ దగ్గర నిలబడేవాణ్ణి. ఎనిమిదేళ్ళకో ఏమో ఆవిడ కూడా పోయిందని చాతం రేవు బోటులో ఎవరో చెబితే విన్నాను. ఒకరోజు సమాధుల తోటకి వెళ్ళి వెతికాను. తల్లీ కూతుళ్ళు పక్కపక్కనే ఉన్నారు. తల్లి సిలువ మీద ఒక్క పేరే ఉంది, దాని కింద ఇంకో వరుసకి చోటు వదిలేసి ఉంది. సున్నం మాసిపోయింది. ఆ తరవాత నేను మళ్ళీ వెళ్ళలేదు.

నేను మంచి పనులూ చేశాను. చర్చి గోడ నిలబెట్టాను, డాన్స్ హాలు కమాను నిలబెట్టాను. అవి చూసి మీరు నన్ను మెచ్చుకున్నారు. ఆ గోడలు నేను కాకపోతే ఇంకొకరు నిలబెట్టేవారు. ఆ చిట్ఠీ మాత్రం నేనే రాయాలి, ఇంకెవరూ రాయలేరు. అది నేను రాయలేదు. మిగతా ఐదు వరుసల్లో ఒక్క పేరైనా గుర్తొస్తుందేమోనని ఎన్నో రాత్రులు ప్రయత్నించాను, రాలేదు. అన్నిసార్లు ఆ పలక ముందు కూర్చుని ఐదో వరుస ఒక్కటే చదివాను.

రిటైరయ్యాక ఆఫీసుకి ఉత్తరం రాశాను, నూనె దగ్గర నుంచి సంతకం దాకా. రెండు నెలలకి జవాబు వచ్చింది. ఫోటోగానీ నకలుగానీ ఉంటే జతపరచమని, లేనిపక్షంలో ఉన్న రికార్డే కొనసాగుతుందని. రాసినవాళ్ళ తప్పేమీ లేదు. నేనైనా అలాగే రాసేవాణ్ణి.

టికెట్టు కొనుక్కుని

పోయిన చలికాలంలో బోటు టికెట్టు కొనుక్కుని యాత్రికుడిలా ఆ దీవికి వెళ్ళాను. దారులు బాగు చేశారు, జింకలు మనుషుల చేతుల్లోంచి బిస్కట్లు తింటున్నాయి. కప్తాన్ సమాధి చుట్టూ తాడు కట్టారు. గైడు మన తెలుగు అమ్మాయే, పాతికేళ్ళుంటాయి, హుషారుగా హిందీలో కథ చెబుతోంది. కప్తానుతో పాటు ఆరుగురు ఖైదీలు కూడా చనిపోయారని, వాళ్ళ పేర్లు ఎవరికీ తెలియవని చెప్పింది. మిగతావాళ్ళు ఫోటోలకి వెళ్ళాక నేను వెనక్కి నడిచాను. ఆ అమ్మాయి నా తెలుగు పోల్చుకుని వెంట వచ్చింది.

"వెనక ఏటీ లేదు అంకుల్. ఫోటో ముందు నుంచే అచ్ఛా వస్తాది."

ఇక్కడ పేర్లు ఉండేవమ్మా అన్నాను. ఐదోది గురువులు.

తను తీసిపారేయలేదు. ఆగి, నా మొహం చూసి, గౌరవంగానే జవాబు చెప్పింది.

"రికార్డులో లేదు అంకుల్. మాకు ట్రైనింగ్‌లో పాత రిపోర్టు సూపించినారు. ఈ రాయి మీద సదవడానికి ముందు నుంచీ ఏటీ లేదని అప్పటి వర్క్ సర్కార్ రాసి, సైన్ పెట్టినారు. ఆయన రోజూ సూసినోడు కదా. ఉంటే ఆయనకి తెలీదా?"

ఆ అమ్మాయి నిజంగానే అడిగింది, జవాబు కోసం ఆగింది కూడా.

అలాగా అన్నాను.